ఋణ మూలం

షటరింగ్ ప్లైవుడ్డే మా నల్లబల్ల.
అంచుల్లో ఎండిన సిమెంటు పొక్కులు,
సుద్దముక్క వాటి మీదికి వెళ్తే కీచుమంటుంది.
షోలింగనల్లూరు, టవర్ బి వెనక
రేకుల షెడ్లలో చివరిది.
పగలు నేనిక్కడ బస్తాల లెక్క రాస్తాను,
రాత్రి ఏడున్నరకి అదే రిజిస్టరు వెనక పేజీల్లో
ఫిజిక్సు.

ఇవాళ్టి లెక్క:
ఇరవై అయిదు మీటర్ల మేడ అంచున నిలబడి
సెకనుకు ఇరవై మీటర్ల వేగంతో
ఒక రాయిని నిట్టనిలువుగా పైకి విసిరారు.
నేలను తాకడానికి ఎంతసేపు?
(ఇక్కడి సూపర్‌వైజరు రాయిని కల్లు అంటాడు.
పిల్లలు ఆ నవ్వు ఆపుకోవడానికి
రెండు నిమిషాలు పట్టింది.)

ముగ్గురు, పైకెళ్ళే కాలం వేరుగా
దిగే కాలం వేరుగా కట్టి కూడారు.
రెండూ మూడూ అయిదు. తప్పేం లేదు.
కానీ దారంతా తిరగక్కర్లేదన్నాను.
స్థానభ్రంశానికి దారితో పని లేదు,
ఎక్కడ బయల్దేరావు, ఎక్కడ తేలావు, అంతే.
ఎక్కిన ఇరవై మీటర్లూ, దిగిన ఇరవై మీటర్లూ
ఒకదాన్నొకటి తినేస్తాయి.

"పలాసలో బండెక్కి, ఒంగోల్లో రెండేళ్ళు రాళ్ళు కొట్టి,
మళ్ళీ ఇంటికెళ్ళి, మళ్ళీ సెంట్రల్లో దిగి...
అవన్నీ పోయినట్టేనా సార్?"
అన్నాడు చిట్టిబాబు.
అది దూరం, దాని కాలమ్ వేరన్నాను.
ఇక్కడ పలాస నుంచి షోలింగనల్లూరుకి ఒక్క గీత.

పైదిశ ధనం అనుకున్నాం
కనక విసిరిన చేతికి దిగువన నేల
ఋణ ఇరవై అయిదు.
మేస్త్రీ పుస్తకంలో వాళ్ళ నాన్న పేరు పక్కన ఉండే
చిన్న అడ్డగీతే ఇదీ.
ఆ మాట నేననలేదు.

టీ స్క్వేర్ మైనస్ నాలుగు టీ మైనస్ అయిదు, సున్నా.
మూలాలు రెండొచ్చాయి.
అయిదు. మైనస్ ఒకటి.
"కాలానికి ఋణం ఉండదు, కొట్టెయ్యండి"
అన్నాను, గూడూరులో మా మాస్టారు
మాకు చెప్పిన గొంతుతోనే.

పైడితల్లి కొట్టెయ్యలేదు.
పెన్ను క్యాపు కొరుకుతూ అంది:
"ఇసరక ముందు ఒక సెకను
రాయి నేల మీద ఉన్నాదంటోంది కదా సార్ ఇది?"
అవును, అలాగే అంటోంది.
"మరి కిందనించి ఎవులు ఇసిరినారు?"

మిగతావాళ్ళు నవ్వారు.
నేనూ నవ్వబోయి, సుద్ద తీశాను.
నేల మీదినించి ముప్ఫైతో విసిరితే
సరిగ్గా ఒక సెకనుకి మేడ అంచు దగ్గర
వేగం ఇరవై.
అక్కణ్ణించి ఆ రాయీ మన రాయీ ఒకటే,
పాయింటు తేడా లేకుండా.
సమీకరణానికి మేడ కనపడదు, చెయ్యి కనపడదు.
రాయి పైనే పుట్టిందంటే మాత్రం
అది ఒప్పుకోదు.

"మాయమ్మ తెచ్చినాది," అంది పైడితల్లి,
లెక్క తేలిపోయిన మనిషిలా.
"ఎనిమిదో అంతస్తుకి. సెకను కాదు సార్,
లిఫ్టు చెడిన రోజు పదకొండు నిమిషాలు."

రిజిస్టరు ఈ వైపు తిప్పి చూశాను.
టవర్ బి, ఎనిమిది: ఇటుకలు రెండువేల నాలుగొందలు.
తేదీ ఉంది. లారీ నంబరుంది.
నా సంతకం, నా చేతిరాతే.

సముద్రం వైపు నించి గాలి రేకులు తట్టింది.
అయిదు చుట్టూ సున్నా చుట్టాను,
మైనస్ ఒకటిని ముట్టుకోలేదు.

పొద్దున్నే కార్పెంటర్ బల్ల పట్టుకుపోయాడు,
తొమ్మిదో స్లాబుకి ఒకటి తక్కువైందట.
తుడవలేదు. రాసిన వైపే కాంక్రీటుకి ఆనించి
బిగించాడు.
ఆరాక విప్పితే, సుద్ద అంటుకునుంటే,
ఏ ఇంటి పైకప్పు మీదో ఉంటుంది,
తిరగబడిన అక్షరాల్లో.
ఎవరైనా వెల్లకిలా పడుకుంటే.
సున్నం వెయ్యకపోతే.